బాలుస్ పడిన చోటు

పోర్ట్ మోర్స్‌బీ విమానాశ్రయం బయట మా మేనల్లుడు నా సూట్‌కేసు అందుకుంటూ అన్న మొదటి మాట: "మామయ్యా, ఈ ఎయిర్‌పోర్టుకి విమానం కూలి పోయినాయన పేరు పెట్టారు, తెలుసా?"

విమానం దిగి పది నిమిషాలు కాలేదు. ఎక్కేముందు చెప్పనందుకు సంతోషించాను.

వాడు ఇక్కడ ఒక కంపెనీ లెక్కలు చూస్తూ నాలుగేళ్లుగా ఉంటున్నాడు. పాపువా న్యూగినీలో చూడ్డానికి ఏముందని ఫోన్లో అడిగితే "కొండలు, సముద్రం, పడిపోయిన విమానాలు" అన్నాడు. ఆ మూడోది పట్టుకునే బయల్దేరాను. మాది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న విశాఖతోపాటు మా ఊరి మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. మా నాన్నమ్మ ఏ సంగతి చెప్పినా "బాంబులు పడ్డ ఏడు"కి ముందో వెనకో అని లెక్కకట్టేది. ఎడ్లబండి మీద సామర్లకోట వైపు పోవడం, పొయ్యి మీద అన్నం అలాగే వదిలెయ్యడం, తిరిగొచ్చేసరికి దాన్ని ఎవరో తినేసి గిన్నె కడిగి బోర్లించి పెట్టడం, ఈ కథంతా నాకు కంఠతా వచ్చు. ఆ విమానాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, తర్వాత ఏమయ్యాయో ఆవిడకి అక్కర్లేకపోయింది. నాకు ముసలితనం మొదలయ్యాక కుతూహలం పుట్టింది.

విమానాశ్రయం పేరు జాక్సన్స్. ఆస్ట్రేలియా వైమానిక దళంలో 75వ స్క్వాడ్రన్‌కి నాయకుడు జాన్ జాక్సన్. 1942 ఏప్రిల్‌లో లే అనే ఊరి దగ్గర ఆయన విమానాన్ని కూల్చేస్తే సముద్రంలోంచి ఒడ్డుకి ఈదాడు. జపాను వాళ్ల కళ్లు గప్పి, కొండలూ అడవులూ దాటి, మోర్స్‌బీకి తిరిగొచ్చాడు. ఒక మనిషికి అది చాలు కదా! వారం తిరక్కుండానే, ఏప్రిల్ 28న, మళ్లీ ఎక్కాడు. ఈసారి రాలేదు.

ఇక్కడి వాళ్లు దాన్ని జాక్సన్స్ అనీ అంటారు, ఉత్తినే "ప్లేస్ బాలుస్" అనీ అంటారు. విమానాలుండే చోటు అని. టోక్ పిసిన్ అనే ఇక్కడి కలగూర భాషలో విమానాన్ని బాలుస్ అంటారు. నేను వెళ్లబోతున్న రబౌల్ వైపు తొలాయ్ జనం మాటట అది. దానికి అసలు అర్థం పావురం. మొదటిసారి రెక్కలున్న యంత్రాన్ని చూసినవాళ్లు దగ్గరున్న మాట తీసి దానికి తొడిగారు. మనం గాలిమోటారు అన్నట్టే. విమానం కూలిందనడానికి "బాలుస్ ఇ పుందౌన్" అంటారు, పావురం పడిపోయింది అని. ఆ మాట విన్నప్పుడు నాకు పావురాలగుట్ట గుర్తొచ్చింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి హెలికాప్టర్ నల్లమల మబ్బుల్లో తప్పిపోతే, మర్నాడు పొద్దుటిదాకా మనం టీవీల ముందు కూర్చుని ఎదురుచూసిన గుట్ట. ఎక్కడి పావురం, ఎక్కడి గుట్ట! మాటలకి అలాంటి కాకతాళీయాలుంటాయి. కానీ ఆ రాత్రి మనకి తెలిసిన "తప్పిపోయింది" అనే మాట ఈ దేశంలో 80 ఏళ్లుగా అలాగే నిలబడి ఉంది. పడినవి తెలుసు, ఎక్కడ పడ్డాయో తెలియనివి ఇంకా ఉన్నాయి. వేటకెళ్లిన కుర్రాడికో, తోట నరుకుతున్న ఆసామికో అల్యూమినియం ముక్క తగిలినప్పుడు ఒక కుటుంబానికి ఉత్తరం వెళుతుంది.

మర్నాడు పొద్దున్నే రబౌల్ దగ్గరి టొకువాకి విమానం. కిటికీ సీటు అడిగి తీసుకున్నాను.

మోర్స్‌బీ నుంచి లేచిన కాసేపటికే ఓవెన్ స్టాన్లీ కొండలొస్తాయి. నాలుగు వేల మీటర్ల దాకా లేచే శిఖరాలున్న వరుస అది. అప్పటికింకా ఆకాశం తేటగా ఉంది, లోయల్లో మాత్రం పాలు పోసినట్టు మబ్బు. మధ్యాహ్నానికి రెండు వైపుల సముద్రాల తేమా ఎగబాకి కొండల నెత్తిన కూర్చుంటుందని మావాడు చెప్పాడు. యుద్ధంలో ఇక్కడ ఎగిరినవాళ్లకి తుపాకుల కంటే ఈ మబ్బంటేనే భయం. పొద్దున కనపడిన కనుమ తిరుగు ప్రయాణంలో మూసుకుపోయేది. పటాల్లో కొండల చోట ఖాళీ తెల్ల మచ్చలుండేవి. లోయలోకి దూరాక అది ముందుకెళ్లి గోడలా ముగుస్తుందని తెలిసేసరికి వెనక్కి తిప్పడానికి వెడల్పు చాలేది కాదు. ఇంధనం కొలిచి పోసుకొచ్చేవాళ్లు కాబట్టి చుట్టూ తిరిగి పోదామన్నా కుదిరేది కాదు.

1944 ఏప్రిల్ 16న ఇదే జరిగింది. ఇప్పుడు జయపుర అంటున్న హొలాండియా మీద బాంబులు వేసి అమెరికా విమానాలు గుంపులుగా తిరిగొస్తుంటే దారి మొత్తం మబ్బు దిగిపోయింది. 37 విమానాలు పోయాయి, 50 మందికి పైగా మనుషులు పోయారు. లక్ష్యం మీద శత్రువు చేతిలో పోయినవి కావివి. ఇంటికొచ్చే దారిలో పోయాయి. వాళ్ల చరిత్రలో ఆ రోజుకి నల్ల ఆదివారం అని పేరు పడింది.

కొండలు దాటాక కుడివైపు కింద పచ్చటి చదును కనిపించింది. అగైయాంబో చిత్తడి అటువైపే అన్నారు. నాకు కనిపించింది అదో కాదో, నేనైతే అదే అనుకున్నాను. పైనుంచి చూస్తే కోతకొచ్చిన చేనులా ఉంటుంది. 1942 ఫిబ్రవరి 23న ఫ్రెడ్ ఈటన్ అనే అమెరికన్ పైలట్ కూడా అలాగే అనుకున్నాడు. ముందు రాత్రి ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో బయల్దేరి రబౌల్ మీద బాంబులు వేసి వస్తున్న బి-17 అది. మొదటిసారి బాంబుల అర తలుపు తెరుచుకోకపోతే మళ్లీ చుట్టి వచ్చి వేశాడు. ఆ రెండో చుట్టులో దెబ్బలు తగిలాయి. ఇంధనం కారిపోతోంది, కొండలు దాటే శక్తి లేదు. చదును నేల కనపడింది కదా అని చక్రాలు దించకుండా పొట్ట మీద దించాడు. మెత్తగా దిగింది. ఎంత మెత్తగా అంటే తొమ్మిది మందిలో ఎవరికీ పెద్ద గాయం కాలేదు. తలుపు తీసి అడుగేస్తే ఛాతీ లోతు నీళ్లు. చేను అనుకున్నది నీళ్లలో నిలబడ్డ గడ్డి. కొల్లేట్లో కిక్కిస చూసినవాళ్లకి ఈ మోసం తెలుసు.

కొద్ది మైళ్ల దూరంలోని గట్టి నేల చేరడానికి రెండు రోజులు పట్టింది. ఊరివాళ్లు చేరదీశారు, మలేరియా పట్టుకుంది, ఏప్రిల్ 1కి మోర్స్‌బీ చేరారు. విమానం మాత్రం అక్కడే ఉండిపోయింది. 1972లో ఆస్ట్రేలియా హెలికాప్టర్ వాళ్లు పైనుంచి చూసేదాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చూశాక దానికో పేరొచ్చింది: స్వాంప్ గోస్ట్, చిత్తడి దెయ్యం. పేరొచ్చాక బేరమూ వచ్చింది. 2006లో ఒక అమెరికన్ విప్పదీయించి హెలికాప్టర్లతో లే రేవుకి చేర్చాడు. మా ఆస్తిని ఎలా పట్టుకుపోతారని దేశంలో గొడవ లేచింది. నాలుగేళ్లు రేవులోనే పడి ఉంది. 2010లో ఓడెక్కింది. 2013 నుంచి పెర్ల్ హార్బర్ మ్యూజియంలో ఉంది. ఎవరిదది? అమెరికా ప్రభుత్వం ఎప్పుడో వదిలేసింది. చిత్తడి మాత్రం ఊరివాళ్లదే. కొన్నవాడు కాగితాలు చూపిస్తాడు. నన్నడిగితే అక్కడే వదిలెయ్యాల్సింది అంటాను. అయితే తుప్పు పట్టి రాలిపోయేదాకా చూస్తూ కూర్చోమని చెప్పడం నాకు సులువే, నేనా ఊరివాణ్ణి కాను.

టొకువాలో దిగేసరికి వేడి గాలి మొహాన కొట్టింది. కోనసీమ వేడి లాంటిదే, కొబ్బరి చెట్లతో సహా. మా డ్రైవరు తొలాయ్ ఆయన, ఏభై దాటిన మనిషి. నోరంతా ఎర్రగా ఉంది. పచ్చి వక్క నమిలి, సున్నంలో ముంచిన ఒక సన్నటి పచ్చ కాయ కొరుకుతున్నాడు. ఆ వక్కని బువాయి అంటారు. ఆ కాయేమిటో అని తీసి చూస్తే మన తమలపాకు తీగ కాయే! మనం ఆకు తింటాం, వీళ్లు కాయ తింటారు. వక్కా సున్నమూ ఇద్దరికీ ఒకటే. నాకూ ఇచ్చాడు. రెండు నిమిషాల్లో తల తిరిగి కారు తలుపు పట్టుకున్నాను. ఆయన చాలా సంతోషించాడు.

కొకొపో మ్యూజియం చిన్నదే. ఆవరణలో తుప్పు పట్టిన ఫిరంగులు, జపాను ట్యాంకులు, రెక్కలు ఊడిన విమానం. వర్షం పడి తడిసిన ఇనుము వాసన. వీటన్నిటి మధ్య నన్ను ఆపినది ఒక రేకు. బి-17 ముక్కు పక్కన ఉండే అల్యూమినియం పలక. చిరిగిన అంచులు లోపలికి ముడుచుకుపోయాయి, రివెట్ల వరుస వంకర తిరిగింది, మీద అప్పటి సిపాయిలు సరదాకి వేసుకున్న ఆడబొమ్మ వెలిసిపోయి మిగిలింది. విమానం పేరు నాటీ బట్ నైస్. తుంటరిదే కానీ మంచిదే, అని.

1943 జూన్ 26 రాత్రి ఈ విమానం ఇక్కడి వునకనౌ రన్‌వే మీద దాడికొచ్చింది. అప్పటికి నెల రోజులకి పైగా జపాను వాళ్ల దగ్గర ఒక కొత్త ఉపాయం పనిచేస్తోంది. గెక్కో అనే రాత్రి విమానం వీపున ఫిరంగుల్ని ఏటవాలుగా పైకి చూసేలా బిగించారు. చీకట్లో బాంబరు పొట్ట కిందికి చేరి, కింది నుంచి పైకి కాల్చడం. వెనకా ముందూ చూసుకునే బాంబరుకి ఆ చీకట్లో తన పొట్ట కింద ఎవరున్నారో కనపడదు. మన ఊళ్లో పాము కాటు గురించి చెప్పినట్టు, కరిచాకే తెలుస్తుంది. నాటీ బట్ నైస్ బైనింగ్ కొండల్లో పడింది. అందులోంచి ఒక్కడే బతికి బయటపడ్డాడు, దారి చూసే నావిగేటర్ హొసే హొల్గిన్. దవడ విరిగింది, వెన్ను దెబ్బతింది. వారాల తరబడి అడవిలో పాక్కుంటూ తిరిగాడు. చివరికి జపాను వాళ్ల చేతికి చిక్కి రబౌల్ ఖైదులో యుద్ధం ముగిసేదాకా ఉన్నాడు. ఆ ఖైదు నుంచి ప్రాణాలతో బయటపడ్డ అమెరికన్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాకు ఆశ్చర్యం కలిగించింది దాని తర్వాతి కథ. దాదాపు 40 ఏళ్ల తర్వాత, 1980ల మొదట్లో, ఆయన తిరిగొచ్చాడు. తనవాళ్ల కోసం. ఊరివాళ్లని వెంటబెట్టుకుని కొండలెక్కి విమానాన్ని కనిపెట్టాడు. మనుషులు లేరు. యుద్ధమయ్యాక ఎప్పుడో సైన్యం వాళ్లు వచ్చి ఎముకలు ఏరుకెళ్లి, ఎవరివో తేలక, హవాయిలో పేరు లేని సమాధుల్లో పెట్టారని తెలిసింది. ఆ కాగితాలన్నీ తవ్వించి, పోరి, 1985లో కొందరికైనా పేర్లు తేల్పించాడు. ఒక మనిషి ఓపిక అది. రేకు ముందు నుంచుని నేను బొమ్మ కంటే ఎక్కువగా ఆ రివెట్లనే చూశాను. ఎవరో ఒక్కొక్కటీ కొట్టి ఉంటారు ఫ్యాక్టరీలో, వరుస తప్పకుండా.

కొకొపో నుంచి రబౌల్‌కి సముద్రం ఒడ్డునే రోడ్డు. దారిలో కొండకి తొలిచిన పెద్ద గుహలో వరుసగా ఇనప పడవలు, చీకట్లో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. 1942 జనవరి 23న రబౌల్‌ని పట్టుకున్న జపాను వాళ్లు, బాంబులకి భయపడి ఊళ్లకి ఊళ్లు నేలలోపల కట్టుకున్నారు. వందల కిలోమీటర్ల సొరంగాలు. చివరికి అమెరికా వాళ్లు రబౌల్‌ని పట్టుకోకుండానే పక్కనుంచి దాటిపోయారు. చుట్టూ సముద్రం, పైన విమానాలు. లోపలున్న సైన్యం కూరగాయలు పండించుకుంటూ 1945 సెప్టెంబరు దాకా కూర్చుంది.

పాత రబౌల్ ఇప్పుడు బూడిద. 1994 సెప్టెంబరు 19న అటు వల్కన్, ఇటు తవుర్‌వుర్, రెండు అగ్నిపర్వతాలూ ఒకేసారి పేలి ఊరిని కప్పేశాయి. మెయిన్ రోడ్డు అన్న చోట అటూ ఇటూ నల్ల మట్టి, గడ్డి, అక్కడక్కడా ఇంటి పునాది ఒకటి. లకునై విమానాశ్రయం కూడా అందులోనే. 1943 ఏప్రిల్ 18 పొద్దున జపాను నౌకాదళాధిపతి యమమొతో ఇక్కడి నుంచే బయల్దేరాడు. ఆయన ప్రయాణం వివరాలు అమెరికా వాళ్లు ముందే రహస్య సందేశాల్లోంచి లాగేశారు. బూగన్‌విల్ దీవి మీద కాపు కాసి కూల్చారు. ఆయనెక్కిన బెట్టీ రకం బాంబరు ఇప్పటికీ అక్కడి అడవిలోనే ఉంది. బెట్టీలు త్వరగా అంటుకునేవి. చాలా దూరం ఎగరాలని ఇంధనం దండిగా పెట్టి, దెబ్బ తగిలితే తనంతట తాను పూడుకునే ట్యాంకుల బరువు మానేశారు. అగ్గిపెట్టె అని ఎగతాళి చేసేవాళ్లు అవతలివాళ్లు. బాంబర్లకి ఆడపేర్లు, యుద్ధవిమానాలకి మగపేర్లు పెట్టిందీ ఆ అవతలివాళ్లే.

లకునైలో కొబ్బరితోట మధ్య గుంత తవ్వి, బూడిదలోంచి ఒక జపాను బాంబరుని బయటపెట్టారు. ఊళ్లో అందరికీ అది బెట్టీయే. విమానాల పిచ్చోళ్లు మాత్రం సాలీ అనే ఇంకో రకమని వాదిస్తారు. గుంత అంచున నిలబడితే కింద వీపు పగిలిన చేపలా కనపడింది. రెక్కల మీద బూడిద, బూడిదలో మొలిచిన ఫెర్న్ మొక్కలు. ఒక పిల్లవాడు వచ్చి చూసినందుకు డబ్బులడిగాడు. ఇచ్చాను. బూడిద వాళ్లది, తవ్విన శ్రమ వాళ్లది.

అక్కణ్ణుంచి తవుర్‌వుర్ అడుగుకి వెళ్తే ఇంకో వింత. మనుషులు నడుం లోతు గోతుల్లో దిగి చేతులతో బూడిద తోడుతున్నారు. అక్కడొక రకం అడవికోడి తన గుడ్లని పొదగదు. వేడి బూడిదలో గొయ్యి తీసి పెట్టేసి వెళ్లిపోతుంది, అగ్నిపర్వతమే పొదుగుతుంది. ఆ గుడ్లు ఏరుకుని బజారులో అమ్ముతారు. ఒకటి నా అరచేతిలో పెట్టారు. బాతు గుడ్డు కంటే పెద్దది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురంత వెచ్చగా ఉంది. విమానం తవ్వినా గుడ్డు తవ్వినా ఒకటే బూడిద.

సాయంత్రం బీటా పాకా. ఆ పేరు ముందు ఎప్పుడూ వినలేదు నేను. కొకొపో లోపలికి కొంత దూరం. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ల వైర్‌లెస్ స్టేషన్ ఉన్న చోటు, ఇప్పుడు యుద్ధ శ్మశానం. గేటు దాటగానే పెద్ద నిద్రగన్నేరు చెట్లు, కొమ్మల నిండా ఫెర్న్‌లు వేలాడుతూ. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి, మా కాలేజీ ఆవరణలో లాగే. గడ్డి దువ్వినట్టుంది. వెయ్యికి పైగా సమాధులు, వందల మందికి పేరు లేదు. నేలకి అంటుకుని ఉన్న కంచు పలకల మీద ఆస్ట్రేలియా పేర్లు చదువుకుంటూ వెళ్తుంటే ఒక చోట వరుస మారింది. సింగ్. ఖాన్. మళ్లీ సింగ్.

"మనవాళ్లా?" అన్నాడు మా వాడు. నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉన్నా వాడికీ తెలియదు.

మనవాళ్లే. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు చిక్కిన సిపాయిలు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరబోమన్నవాళ్లలో చాలామందిని మర్నాటి ఏడు ఓడల అడుగున కుక్కి ఇటు పంపారు. ఖైదీలు కాదు, కూలి దళాలు అన్నారు వాళ్లని. సరుకు దించడం, సొరంగాలు తవ్వడం. పైనుంచి పడే బాంబు కింద ఉన్నవాడు కాపలావాడా కూలివాడా అని చూడదు. జపాను లొంగిపోయాక ఒక్క రబౌల్ చుట్టుపక్కలే 5 వేల మందికి పైగా హిందుస్తానీ సైనికులు ప్రాణాలతో దొరికారు. నేను సింగపూర్ నుంచి దుప్పటి కప్పుకుని, సినిమా చూస్తూ ఒక్క రాత్రిలో వచ్చిన దారి అది.

వేవాక్ వైపు పంపినవాళ్లది ఇంకో కథ. అక్కడికి దాదాపు 3 వేల మందిని చేర్చారు. ఆకలి, రోగం, దెబ్బలు. సెపిక్ నది ఒడ్డున అంగోరం అనే చోట 1945 సెప్టెంబరు చివర్లో ఆస్ట్రేలియా సైన్యానికి 11 మంది దొరికారు, అస్థిపంజరాల్లా. వాళ్లలో జమేదార్ చింత్ సింగ్ ఒకరు. ఆస్ట్రేలియా వాళ్లు అందరికీ తిండి పెట్టి, మందులిచ్చి, మనుషుల్ని చేశారు. నవంబరులో దేశానికి పంపే ఏర్పాటు జరిగింది. యుద్ధ నేరాల విచారణలో సాక్ష్యం చెప్పాలి కాబట్టి చింత్ సింగ్‌ని ఉండిపొమ్మన్నారు. తక్కిన పది మందీ రబౌల్ వైపు విమానం ఎక్కారు.

ఇదంతా నేను మోర్స్‌బీలో చదువుకుని వచ్చాను, మా వాడికి చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. వాడు ఎక్కడో సమాధుల వైపు చూస్తూ విని, "పడిపోయిందా?" అన్నాడు.

"పడిపోయింది. పది మందీ."

"యుద్ధం అయిపోయాక?"

"అయిపోయాక."

యుద్ధంలో పడిన విమానాల్ని వెతికేవాళ్లు పటాలు పట్టుకుని వస్తారు, నంబరు ప్లేట్లు గోకి చదువుతారు, ఫొటోలు తీసి ఇంజను రకం మీద తగువులాడుకుంటారు. నేనూ పొద్దుట్నించీ అదే చేస్తున్నాను, రేకులు చూస్తూ. హొల్గిన్ లాంటి వాడు ఈ పది మందికి ఎక్కణ్ణుంచి వస్తాడు? వాళ్లతో పాటు బయటపడ్డవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ ఆ పదిమందికే కాదు, మిగిలిన వేలమందికీ సాక్షి. కోర్టుల్లో నిలబడి పేర్లు, తేదీలు చెబుతూ ఉండిపోయాడు.

శ్మశానం ద్వారం దగ్గర గోడలో చిన్న ఇనప తలుపు ఉంది. తెరిస్తే లోపల సమాధుల జాబితా, వచ్చినవాళ్లు సంతకం పెట్టే పుస్తకం. తేమకి పేజీలు ఉబ్బి అంటుకుపోయాయి, నెమ్మదిగా విడదీయాల్సి వచ్చింది. ముందు పేజీల్లో ఆస్ట్రేలియా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా. మా తాత, మా నాన్న అన్నయ్య, అని చుట్టరికాలు. నా పేరు రాసి, కాకినాడ, ఇండియా అని రాశాను. చుట్టరికం ఏం రాయాలి? రిమార్కుల గడి దగ్గర కలం ఆగింది. చివరికి "10 మంది, 1945 నవంబరు" అని మాత్రం తెలుగులోనే రాశాను.

డ్రైవరు నా భుజం మీదుగా తొంగి చూశాడు. అక్షరాలు తెలియవు, అంకెలు చదివాడు.

"బాలుస్?" అన్నాడు.

తలూపాను.